కెనడా పౌరసత్వమా, కళ్యాణదుర్గం పొలమా? సలహా చెప్పండి

నమస్తే. మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర పల్లె. కెనడాలో మెకానికల్ ఇంజనీరును, పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) ఉంది. ఐదేళ్లలో 1,095 రోజులు అక్కడున్న లెక్క పూర్తయింది, పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

అది వస్తే భారత పౌరసత్వం పోతుంది. విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకిచ్చే ఓసీఐ కార్డుతో ఇక్కడ ఉండొచ్చు, ఉద్యోగమూ చేసుకోవచ్చు. సాగుభూమి మాత్రం కొనడానికి లేదు, వారసత్వంగా రావాల్సిందే. నాయనకు మోకాళ్ల నొప్పులు, అయినా శెనక్కాయ చేను వదలడు. ఆ చేను గట్టు పక్కనే, బోరులో నీళ్లున్న భూమి అమ్మకానికొచ్చింది. మా సీమలో అట్లాంటి నేల చేజారితే మళ్లీ దొరకదు. నా మనసంతా దానిమీదే ఉంది.

దరఖాస్తు పెట్టకుండా వచ్చేస్తే, పీఆర్ నిలవడానికి ఐదేళ్లలో 730 రోజులు అక్కడుండాలి. ఇట్లా తిరిగొచ్చి పెనుకొండ కియా కార్ల ఫ్యాక్టరీ వైపు ఉద్యోగం చూసుకున్నవాళ్లున్నారా? లేదా ముందు పౌరసత్వం తీసుకొని, భూమి నాయన పేరున కొనడం మేలా?