క్యాంపర్ వ్యాన్‌లో నలుగురం, సామాను సర్దలేకపోతున్నాం, సలహా ఇవ్వండి ప్లీజ్

వానచినుకు:
అందరికీ నమస్తే అండి. మేము నలుగురం, పిల్లలకి 9, 5 ఏళ్లు. పాత వ్యాన్ ఒకటి తీసుకుని క్యాంపర్‌లా మార్చుకున్నాం. వెనకాల అడ్డంగా పెద్ద బెడ్, దాని కింద ఖాళీ జాగా, ముందు సీట్ల వెనక బెంచీ, రాత్రికి అది పిల్లల మంచం అవుతుంది. నాలుగు ట్రిప్పులు తిరిగొచ్చాం, ప్రతిసారీ ఇదే గోల. సాయంత్రం బండి ఆపగానే బెంచీని మంచం చెయ్యాలంటే దాని మీద బ్యాగులన్నీ వెనక బెడ్ మీదకి, మేం పడుకోవాలంటే అవే బ్యాగులు డ్రైవర్ సీట్లోకి, పొద్దున్నే మళ్లీ అన్నీ వెనక్కి. మొన్న సడన్‌గా వాన మొదలైంది, చిన్నదాని రెయిన్‌కోటు బెడ్ కింద అన్నిటికన్నా లోపల ఉండిపోయింది, దానికోసం సగం సామాను బయట పెట్టేసరికి రెండు స్లీపింగ్ బ్యాగులు తడిసిపోయాయి, ఆ రాత్రంతా పిల్లలకి చలి. నాకు చాలా బాధేసింది. పైన రూఫ్ బాక్స్ పెట్టిస్తే సరిపోతుందా? బెడ్ కింద ప్లాస్టిక్ డబ్బాలు మంచివా, బ్యాగులా?

బండిబాట:
అమ్మా, మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే అసలు సమస్య జాగా తక్కువై కాదు, ఒకే వస్తువుకి పగలు ఒక చోటు, రాత్రి ఇంకో చోటు ఉండటం వల్ల. రాత్రి ఎవరైనా పడుకునే చోట పగలు ఏదీ పెట్టకూడదని ముందు రూల్ పెట్టుకోండి, దాన్నిబట్టి ఎంత పడితే అంతే సామాను.

మేం ఏం చేశామంటే వ్యాన్ మొత్తం ఖాళీ చేసి అంతా ఇంట్లో నేలమీద పరిచి మూడు కుప్పలు పోశాం. రోజుకి పదిసార్లు ముట్టుకునేవి, రోజుకి ఒకసారి తీసేవి, ట్రిప్ మొత్తంలో ఒకటి రెండుసార్లు కావాల్సినవి. మూడోది చాలా పెద్దగా వచ్చింది, అందులో సగం ఇంట్లోనే వదిలేశాం, ఇంతవరకు ఏదీ గుర్తు రాలేదు. మిగతాది బెడ్ కింద అన్నిటికన్నా లోపలికి. మొదటి కుప్ప మాత్రం స్లైడింగ్ డోర్ పక్కనే, అంటే రెయిన్‌కోట్లు, టార్చ్, చెప్పులు, తుడుచుకునే గుడ్డ. నాలుగు కొక్కేలు, కింద అంచులున్న రబ్బరు ట్రే ఒకటి పెట్టాం, తడి కోటు నీళ్లన్నీ ఆ ట్రేలోనే కారతాయి, డోర్ తీసి చెయ్యి చాపితే చాలు, లోపలికి ఎక్కక్కర్లేదు.

డబ్బాలా బ్యాగులా అంటే రెండూ కావాలండి. వంట సామాను, టూల్స్ లాంటి గట్టివాటికి డబ్బాలు. 60 × 40 సెంటీమీటర్ల సైజు తీసుకుంటే 40 × 30 వి రెండు సరిగ్గా దానిమీద కూర్చుంటాయి. కానీ బెడ్ కింద ఒకదాని మీద ఒకటి పేర్చకండి, కింది డబ్బా ఇక ఎవరూ తియ్యరు. ఒక్క వరసే పెట్టి వెనక డోర్ నుంచి లాగేలా చూసుకోండి. కొనేముందు అట్టపెట్టెలు అదే సైజులో కోసి పెట్టి చూడండి, వీల్ ఆర్చ్, అంటే చక్రం మీద లోపలికి ఉబికిన వంపు దగ్గర కొలత మోసం చేస్తుంది. ఆ వంపుల్లో డబ్బా పెడితే చుట్టూ జాగా వేస్ట్, అక్కడ బట్టలు మెత్తటి బ్యాగుల్లో కుక్కండి, మనిషికో రంగు. బెంచీ కింద అరకి మూత పైనుంచి కాకుండా ముందువైపు తలుపు పెట్టించుకోండి, లేకపోతే చిన్న వస్తువు కావాలన్నా కూర్చున్నవాళ్లు లేవాలి.

ఇరుసు_మధ్య:
రూఫ్ బాక్స్ గురించి తొందరపడకండి అక్కా. ముందు బండిని ఎలా ప్రయాణం చేస్తారో అలాగే, నలుగురూ కూర్చుని, నీళ్లు నింపి, వేబ్రిడ్జి మీద తూయించండి. బండికి కంపెనీ వాళ్లు బిగించిన ప్లేటు (నంబర్ ప్లేటు కాదు) మీద రాసి ఉన్న గరిష్ఠ బరువు లోంచి అది తీసేస్తే ఇంకా ఎంత వేయొచ్చో తెలుస్తుంది. లీటరు నీళ్లంటే కిలో కదా, 80 లీటర్ల ట్యాంకు నింపితే అక్కడే 80 కిలోలు అయిపోతాయి. పైకప్పు ఎంత మోస్తుందో కూడా మాన్యువల్‌లో ఉంటుంది, ఆ లెక్కలో రాక్, బాక్స్ బరువు కూడా కలపాలి. పైన బరువు పెరిగితే మలుపుల్లో బండి ఊగుతుంది, గాలికి ఇంధనం ఎక్కువ తాగుతుంది, ఎత్తు తక్కువ గేట్ల కింద పట్టదు. పెట్టాల్సి వస్తే తేలికవే, చాపలు, స్లీపింగ్ బ్యాగులు లాంటివి.

బరువైనవి కిందా, రెండు ఇరుసుల మధ్యా ఉండాలి. వెనక ఇరుసుకి అవతల ఎక్కువ బరువు పడితే ముందు చక్రాలు తేలికైపోయి స్టీరింగ్ పట్టు తగ్గుతుంది.

ఇంకోటి, ఇది మాత్రం దయచేసి చేయండి. గంటకి 50 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి దాదాపు 14 మీటర్లు పోతుంటుంది, ఏదైనా తగిలి బండి ఆగినా కట్టని స్టవ్ ఆగదు, అదే వేగంతో ముందుకొస్తుంది, అక్కడ బెల్టు పెట్టుకుని పిల్లలున్నారు. పట్టీలు బండి బాడీకి ఉన్న రింగులకే కట్టండి, ప్లైవుడ్‌లో స్క్రూ బిగించిన కొక్కేలు ఆ దెబ్బకి ఊడిపోతాయి.

మంచుపొద్దు:
సర్దేటప్పుడు ఖాళీ కనిపించిందని గాలి కన్నాలు మూసెయ్యకండి. గ్యాస్ సిలిండర్ అర అడుగున కన్నం ఊరికే పెట్టరు, ఎల్‌పీజీ గాలికన్నా బరువు, లీకైతే కిందికే దిగుతుంది, అక్కడినుంచే బయటికి పోవాలి. ఫ్రిజ్ వెనక సందు కూడా అంతే. పరుపు కింద చెక్క పట్టీల మధ్య గాలి ఆడకపోతే అడుగున చెమ్మ పట్టి బూజు వస్తుంది, మా పరుపు ఒకటి అలాగే పోయింది.

గాలి తీసి నొక్కేసే సంచులు బాగానే పనిచేస్తాయి కానీ సైజే తగ్గుతుంది, బరువు తగ్గదు. స్లీపింగ్ బ్యాగులు ఇంటికొచ్చాక విప్పి వదులుగా ఉంచండి, నెలల తరబడి నొక్కి ఉంచితే దూది అణిగిపోయి వెచ్చదనం పోతుంది.

వానచినుకు:
అందరికీ చాలా థ్యాంక్స్! నిన్న ఆదివారం మొత్తం ఖాళీ చేశాం. తూయిస్తే 110 కిలోలే మిగిలింది, రూఫ్ బాక్స్ ఆలోచన మానేశా. పెద్దోడు తన బ్యాగు తనే సర్దుకున్నాడు, డోర్ దగ్గర కొక్కేలు కూడా వాడి ఎత్తుకే బిగించాం. ఒక్క డౌట్, మలుపుల్లో వంటగది సొరుగులు వాటంతటవే తెరుచుకుంటున్నాయి, అయస్కాంతం సరిపోవట్లేదు.

బండిబాట:
అయస్కాంతం ఆగదమ్మా. నొక్కితే బయటికొచ్చే బటన్ లాచ్ వెయ్యండి, సొరుగు నిండా బరువున్నా కదలదు. బరువు గిన్నెలు అన్నిటికన్నా కింది సొరుగులోకి మార్చండి, మధ్యలో జారని మ్యాట్ ముక్కలు వేస్తే ఆ గలగల కూడా పోతుంది.