‘వైల్’ అంటే కాబట్టా, ఉన్నంతసేపా?

పాతపుటలు: ఒక వాక్యం బుర్ర తొలిచేస్తోంది. “గులాబీకి ఎందుకన్నది లేదు, పూస్తుంది కాబట్టి పూస్తుంది.” జర్మన్ కవి ఆంగెలుస్ జిలేసియుస్‌దే కదా? రెండో పాదం ఎంతకీ గుర్తు రావట్లేదు.

తోకచుక్క: ఆయనదే. ఆయన పద్యాల పుస్తకంలో మొదటి భాగం, 289వ పద్యం. తన సంగతి తనకు పట్టదు, ఎవరైనా చూస్తున్నారా అనీ అడగదు. ఇదీ రెండో పాదం. పేచీ అంతా మీ ‘కాబట్టి’ దగ్గరే. మూలంలో ఉన్నది ‘వైల్’. ఇవాళ్టి జర్మన్‌లో అది ‘ఎందుకంటే’. పుస్తకం వచ్చిన 1657లో ‘ఉన్నంతసేపూ’ అన్న అర్థం కూడా వాడుకలో ఉంది. పూసినంతసేపూ పూస్తుంది, అంతే.

గణవిభజన: అలా చదివితే చమత్కారం చచ్చిపోతుందండీ. ‘వరుమ్’ (ఎందుకు) అన్నాక ‘వైల్’ వినబడితే చెవి జవాబు కోసం చూస్తుంది. వచ్చేది మళ్లీ అదే క్రియ. అన్నట్టు, మూలంలో ‘గులాబీకి ఎందుకన్నది లేదు’ అన్న ముక్కను ‘డీ రోజె ఇస్ట్ ఓనె వరుమ్’ అని రాసేవాళ్లకో దండం. ‘రోస్’, ‘ఓన్’ అనకపోతే ఆరో అక్షరం తర్వాత పడాల్సిన విరుపు ఎనిమిది దాకా పోతుంది.

తోకచుక్క: 1793 నాటి జర్మన్ పాటలో కూడా ‘చిరుదీపం వెలుగుతున్నంతసేపూ’ అనడానికి వైలే వాడారు. చెవి సంగతి తర్వాత.

ద్విపదప్రియ: రెండు పాదాలే కదా అని ద్విపదలో పెట్టా:
ఏలని యడుగదే యెన్నడు పువ్వు
తా లీలఁ బూచును తన యంత తాను

గణవిభజన: యతిప్రాసలు కుదిరాయి, సంతోషం. వైల్ ఏదీ? ఏలని అడగకపోవడం వేరు, ‘ఏల’ లేకపోవడం వేరు. పైగా ఆ లీల బ్రహ్మసూత్రాల సరుకు.

ఆకురాయి: ‘ఎందుకు లేకుండా’ అన్నది కూడా ఆయన సొంత సరుకేం కాదు. జర్మన్ మార్మికుడు ఎక్‌హార్ట్ 14వ శతాబ్దంలోనే అన్నాడు. జిలేసియుస్ అసలు పేరు షెఫ్లర్, బ్రెస్లావ్ వాడు, పడువాలో డాక్టర్ పట్టా పుచ్చుకున్న వైద్యుడు. ఫ్రాంకెన్‌బెర్గ్ 1652లో పోతూ తన మార్మిక గ్రంథాలు ఈయనకే వదిలి వెళ్లాడు. ఆ ఫ్రాంకెన్‌బెర్గ్, చెప్పులు కుట్టిన మార్మికుడు బోమెకు వీరాభిమాని. బోమె పోయిన 1624లోనే షెఫ్లర్ పుట్టాడు! నాకు మాత్రం బోమె ముందు వీళ్లెవరూ ఆనరు.

తోకచుక్క: బోమెను తెస్తే తెల్లారుతుంది. కారణం లేనిదేదీ లేదన్న తాత్వికుడు లైబ్నిట్స్ సూత్రానికి ఎదురుగా మరో జర్మన్ తాత్వికుడు హైడెగర్ 1955-56 ఉపన్యాసాల్లో నిలబెట్టింది ఈ గులాబీనే. గులాబీకి ‘వరుమ్’ లేదు గానీ ‘వైల్’ ఉంది అన్నాడు.

గణవిభజన: అంటే కారణార్థమేగా! నా మాటే.

తోకచుక్క: అదే ఉపన్యాసాల్లో వైల్‌ను ‘నిలిచి ఉండటం’ వైపు కూడా లాగాడు. చివరిదాకా చదవండి.

ఆకురాయి: 1653లో క్యాథలిక్ అయ్యాక ఇదే మనిషి లూథరన్ల మీద యాభైకి పైగా కరపత్రాలు కురిపించాడు. వాటిలో బోలెడు ఎందుకులు!

ద్విపదప్రియ: లీల తీసేయమనే వాళ్లకు: ప్రాసకు ఇంకో ‘ల’కారం ఇప్పించండి, ఇప్పుడే తీసేస్తా.