బబుల్ అన్న ప్రతిచోటా ‘బుడగ’ అనే రాయాలా?

ప్రశ్న (ఇంటి అనువాదకురాలు):
షేర్ మార్కెట్ మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. లండన్‌లో సౌత్ సీ కంపెనీ షేరు 1720 జనవరిలో 128 పౌండ్లుంటే, వేసవిలో వెయ్యి దాకా ఎగబాకి, ఏడాది చివరికి మళ్ళీ మొదటికే వచ్చిందట. దీన్నే ఇంగ్లీషులో ‘సౌత్ సీ బబుల్’ అంటారు. నేను ‘సౌత్ సీ బుడగ’ అని రాశాను. మా అత్తయ్య చదివి, “సముద్రంలో బుడగేమిటే, చేపలు వదిలిందా?” అంది. నీటి బుడగ అనగానే మనకి తోచేది క్షణంలో పోయేదని. ఉబ్బి ఉబ్బి పేలి అందర్నీ ముంచేదన్న అర్థం ఆ మాటకి రావడం లేదు. పోయిన వారం ఐపీఎల్ వ్యాసంలో ‘బయో బబుల్’ (కరోనా రోజుల్లో ఆటగాళ్ళని బయటివాళ్ళతో కలవనీయకుండా ఉంచిన ఏర్పాటు) దగ్గరా ఇదే తంటా. మీరైతే ఏం రాస్తారు?

జవాబు (కరీంనగర్ నుంచి):
మా దిక్కు బుగ్గ అంటాం. పిల్లలు ఊదేదీ బుగ్గే, కరెంటు బల్బూ బుగ్గే. మా ఆవిడది రాజమండ్రి. పెళ్ళైన కొత్తలో “బుగ్గ మాడిపోయింది, కొత్తది తేవాలి” అంటే చెంప తడుముకుంది. తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరుడి పేరులో ఉన్నది మళ్ళీ వేరు, అది నీటి ఊట. మీ షేర్లకి మాత్రం బుగ్గ పెట్టకండి.

జవాబు (మేస్త్రీ పని చేసేవాణ్ణి):
మాకు బుడగ ఒకచోట దేవుడు, ఒకచోట దయ్యం. రసమట్టంలో అది రెండు గీతల మధ్య నిలిస్తేనే పని మొదలు. అదే లెవల్ చూసే నీళ్ళ పైపులో ఉందంటే కొంప మునిగినట్టే. గాలి చేరిన వైపు నీళ్ళ బరువు తగ్గి, మట్టం ఎత్తుగా చూపిస్తుంది. ఒకసారి మా కుర్రాడు పైపు నింపి సరిగ్గా చూసుకోలేదు. టైల్స్ వేశాక బాత్రూంలో నీళ్ళు తూము వైపు పోకుండా తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాయి. మొత్తం పీకి మళ్ళీ వేశాం, ఖర్చు నాదే. ఇప్పటికీ పైపు పట్టుకుంటే వేలితో టకటకా కొట్టి, గాలంతా పైకొచ్చేదాకా కదలను.

జవాబు (గ్రూప్స్‌కి చదువుతున్నా):
పరీక్షలో ఓఎంఆర్ షీటు మీద జవాబు గుండ్రాలు దిద్దడాన్ని మేము ‘బబ్లింగ్’ అంటాం. బుడగలు నింపానంటే రూమ్‌మేట్స్ నవ్వుతారు. ఒక మాక్ టెస్టులో 47వ ప్రశ్న వదిలేసి, 48 జవాబు 47 దగ్గర దిద్దాను. అక్కణ్ణుంచి అన్నీ ఒక గడి పైకి జరిగాయి! మీరూ ‘బయో బబుల్’ అనే ఉంచేయండి, పేపర్లలో అలాగే రాశారుగా.

ప్రశ్న అడిగినవారు:
అలాగే ఉంచాను. షేర్ల దగ్గర ‘బుడగ’ ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘గాలితో ఉబ్బిన ధరలు’ అని కలిపాను. అత్తయ్య ఈసారి ఏమీ అనలేదు. మేస్త్రీగారూ, మా బాత్రూంలోనూ నీళ్ళు తలుపు దగ్గరే నిలుస్తాయి. ఇన్నాళ్ళూ తూము పూడిందనుకుని కడ్డీతో పొడుస్తున్నాం.