ఉద్దెర మొత్తం బంద్ చేస్తే కిరాణా షాపు నడుస్తదా?

పత్తిమార్కెట్_గల్లీ:
అందరికీ నమస్తే. మాది జమ్మికుంట. మార్కెట్ యార్డుకు పోయే తొవ్వల బాపుకు కిరాణా షాపు ఉంది, నేను పుట్టకముందు పెట్టిండు. ఆయనకు మోకాలు ఆపరేషన్ అయినప్పటి నుంచి గల్లా మీద నేనే కూసుంటున్న. మొన్న పద్దు బుక్కులన్నీ తీసి కూడితే ఉద్దెర నాలుగు లక్షల పైనే తేలింది, 140 ఇండ్ల దాకా ఉన్నయి, సగం మంది చుట్టుపక్కల ఊర్ల పత్తి రైతులే. హోల్‌సేల్ వాళ్లేమో 15 రోజులకే పైసలు అడుగుతున్నరు.

బాపును అడిగితే పత్తి అమ్మినంక ఇస్తరు రా, ఎప్పుడు ఇయ్యలేదు అంటడు. ఆయన కాలంల అది నిజమే, యార్డుల కాటా అయినంక రైతు అడితి కాడ పైసలు తీస్కొని బస్టాండుకు పోయేది మా షాపు ముందట నుంచే, బాకీ కట్టి పండుగ సామాను కట్టించుకొని పోయేటోడు. ఇప్పుడు సీసీఐకి (మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర సర్కారు సంస్థ) పోస్తే పైసలు బ్యాంకు ఖాతాల పడుతున్నయి. రైతు మా ముందట నుంచి ఖాళీ చేతులతోనే పోతడు, పైసలు పడిననాడు ఏమో వాళ్ల ఊర్లె ఉంటడు. ఫోన్ చేసి అడుగుదామంటే అందరూ బాపు వయసోళ్లు, నాకు నోరు రాదు. అందుకే ఉద్దెర బంద్, క్యాష్ లేదా ఫోన్‌పే అని బోర్డు పెడదామనుకుంటున్న. ఇట్ల చేసినోళ్లు ఎవరన్నా ఉన్నరా, గిరాకీ ఎంత పోయింది?

పేట_కొట్టు:
తమ్ముడూ, మాది నరసరావుపేట సైడు. నేను ఆ బోర్డు పెట్టి చూశా, 2017లో, జీఎస్టీ వచ్చిన ఏడాది. నోట్ల రద్దప్పుడు ఇరుక్కున్న బాకీలు ఇంకా తీరలేదు, ఆ కోపంలో పెట్టేశా. కొత్త బాకీ ఆగింది, నిజమే, కానీ పాత బాకీ కూడా ఆగిపోయింది. ఎందుకంటే ఇక మీ కొట్టుకి వచ్చే పని లేనప్పుడు మీకు కట్టే తొందర ఎవరికుంటుంది? బాకీ ఉన్న మనిషి మన వీధిలో నడవడమే మానేస్తాడు, చేతిలో డబ్బులున్న రోజు కూడా పక్క బజారుకే పోతాడు. నాలుగు నెలలు చూసి బోర్డు పీకేశా.

తర్వాత ఏం చేశానంటే పాత బాకీ మొత్తాన్ని వేరే పుస్తకంలోకి ఎత్తి దాన్ని పంటకి వదిలేశా, కొత్తగా తీసుకునేది మాత్రం ఇంటికి ఇంత అని హద్దు పెట్టి, అది తీరితేనే మళ్లీ సామాను అన్నా. హద్దు పెట్టేటప్పుడు ఆ ఇంటి ఆడవాళ్లతో మాట్లాడాలి, నెలకి ఏం పడుతుందో వాళ్లకే తెలుస్తుంది. నూనె, పప్పు, బియ్యం ఇచ్చా, కూల్‌డ్రింకులు, సిగరెట్లు అరువు మీద ఇవ్వనని చెప్పేశా.

రెండెకరాల_కౌలు:
తమ్మీ, నేను హుజూరాబాద్ దిక్కు కౌలు రైతును, నీ బుక్కుల ఉన్నసొంటి దాన్నే. మీ బాపు కోపం చేసుకోకుండ ఇచ్చిండు కాబట్టే మాలాంటోళ్లం జూన్ నుంచి దీపావళి దాకా బతుకుతున్నం, ఆ ఐదు నెలలు చేతికి రూపాయి రాదు, విత్తనాలు, మందులు, కలుపు కూలీలు అన్నీ పోయేటియే. కిరాణం కూడ నగదంటే నూటికి మూడు రూపాయల మిత్తికి తేవాలె.

పైసలు ఖాతాల పడుతున్నయి అన్నవు, అది పట్టా ఉన్నోళ్లకు. పట్టా నా పేరు మీద లేదు, రైతు భరోసా కూడ పట్టాదారుకే పడుతది. మొదటి ఏరుడు పత్తి పదనుగ ఉంటది, తేమ 8 శాతం దాటితే రేటు కోస్తరు, 12 దాటితే సీసీఐ కొననే కొనదు. 2025-26 సీజన్‌ల పొడుగు పింజకు మద్దతు ధర క్వింటాలుకు 8,110 అని పేపర్ల చదువుడే, నాకు ప్రైవేటోడు ఇచ్చిందే రేటు, అది కూడ ఏరిన కూలీలకే సరిపోతది. నాకు కొంచెం మిగిలేది రెండో ఏరుడుకు, సంక్రాంతి దిక్కు. దసరాకు అడిగితే ఎవ్వరం ఇయ్యలేం, సంక్రాంతి ముందు వారం అడుగు, మస్తు మంది ఇస్తరు. ఫోన్ల అడుగుడు కంటే అంగడినాడు షాపు ముందట మీ బాపును కుర్చీ వేసి కూసోబెట్టు. ఆయన మొఖం చూసి బాకీ ఎగ్గొట్టబుద్ధి కాదు, నిజం చెప్తున్న.

లెక్కల_మాస్టర్:
నేను చిన్న షాపుల లెక్కలు రాస్తాను. పైవాళ్లు చెప్పింది బాగుంది కానీ ఒక విషయం వెంటనే చూడండి, ఆ నాలుగు లక్షల్లో మూడేళ్లు దాటినవి ఎంత? 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం ఇలాంటి బాకీకి కోర్టుకి వెళ్లే గడువు 3 ఏళ్లే. కోర్టుకి వెళ్లమని నేను చెప్పను, రెండు మూడు వేల కోసం ఎవరూ వెళ్లరు, కానీ గడువులోపు బాకీదారు ఫలానా మొత్తం ఇవ్వాలి అని రాసి సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్లీ 3 ఏళ్లు వస్తుంది. అందుకే ఏటా ఉగాదికి కొత్త పుస్తకం తెరిచేటప్పుడు పాత మొత్తం కింద సంతకం తీసుకోండి. మనిషికి కూడా తన బాకీ ఎంతో ఒకసారి కళ్లతో చూసినట్టుంటుంది, సగం గొడవలు అక్కడే పోతాయి.

ఇంకోటి, తెలంగాణలో సరుకుల వ్యాపారానికి టర్నోవర్ ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి (ఆంధ్రలో 40). మీరు కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు టర్నోవర్ మీద ఒకే శాతం పన్ను కట్టే పద్ధతి) ఉండి 1 శాతం కడుతున్నా ఉద్దెర అమ్మకం కూడా ఆ లెక్కలోకే వస్తుంది, డబ్బు చేతికి రాకముందే పన్ను మీ జేబులోంచి పోతుంది. హద్దు ఎంత పెట్టాలో ఆలోచించేటప్పుడు ఇది కూడా కలుపుకోండి.

పత్తిమార్కెట్_గల్లీ:
అందరికీ థాంక్స్, కౌలు అక్కకు మరీ. రాత్రి బాపు, నేను కూసొని బుక్కులు మళ్ల చూసినం. మూడేళ్లు దాటినయి 22 ఇండ్లు, అందుల ఇద్దరు చనిపోయిన్రు, వాళ్ల పేర్లు బాపే గీత కొట్టిండు, నన్ను కొట్టనియ్యలే. మిగిలినయి వేరే బుక్కుల ఎక్కిస్తున్నం. బోర్డు పెడుతలేను. రేపు అంగడి, కుర్చీ బయట వెయ్యిమన్నడు.