చిట్టెలుక మెదడులో రక్త పరిమాణం: గాడోలినియం బోలస్‌ని నమ్మాలా, ఐరన్ ఆక్సైడ్‌నా?

బూడిదపొర: 7 టెస్లా ఎంఆర్ఐ, 25 గ్రాముల చిట్టెలుక, పక్షవాతం మోడల్. మెదడులో రక్త పరిమాణం (సీబీవీ) కొలవాలి. గాడోలినియం మందు మొత్తం గబుక్కున (బోలస్‌గా) ఎక్కించి, అది మెదడు గుండా మొదటిసారి వెళ్ళడాన్ని (మొదటి పాస్) పట్టుకోవడమా, ఫెరుమాక్సిటాల్ (ఐరన్ ఆక్సైడ్ రేణువుల మందు) ఇచ్చి ముందూ వెనకా స్కాన్ చేయడమా?

తోకసిర: చిట్టెలుకలో బోలస్ అంకెల్ని నమ్మలేం. గుండె నిమిషానికి 500 సార్లు కొట్టుకునే జీవిలో మందు మెదడు దాటేది రెండు మూడు సెకన్లలో. సెకనుకో బొమ్మ తీస్తే సిగ్నల్ వంపు మీద పడేవి మూడు చుక్కలు. ట్యూబు ఇంకో తలనొప్పి. పీఈ-10 అనే సన్న ట్యూబు లోపలి వ్యాసం 0.28 మి.మీ., అంటే మీటరు పొడవులో 60 మైక్రోలీటర్లు ఉండిపోతాయి. ఇచ్చేదే 120 అయితే సగం మందు ట్యూబులోనే. సెలైన్‌తో బాగా తోద్దామా అంటే ఒంట్లో ఉన్న రక్తమే 1.8 మి.లీ., ఎక్కువ ఎక్కించలేం.

ఐరన్‌తో ఆ పరుగు లేదు. మల్టీ ఎకోతో (ఒకే స్కాన్‌లో వేర్వేరు సమయాల్లో సిగ్నల్ చదివి) ఆర్2స్టార్ (సిగ్నల్ పడిపోయే వేగం) మ్యాపు తీసి, మందిచ్చి, ఐదు నిమిషాలాగి అదే మ్యాపు మళ్ళీ తీయాలి. తేడా సీబీవీకి అనుపాతంలో ఉంటుంది. కిలోకి 20 మి.గ్రా. ఇనుము చొప్పున దీనికి 0.5 మి.గ్రా. చాలు. సీసాలో మి.లీ.కి 30 మి.గ్రా. ఉంటుంది కాబట్టి 17 మైక్రోలీటర్లే అవుతుంది. ముందే సెలైన్‌లో పలచన చేసుకోండి, లేకపోతే అదీ ట్యూబు పాలే.

టీఈ_తగ్గించు: తోకసిర గారూ, ఎకో టైం (టీఈ, సిగ్నల్ చదివేముందు ఆగే సమయం) సంగతి వదిలేశారు. మందుకి ముందు సిగ్నల్ 100, తరువాత నిజంగా 5 ఉండాలి, కానీ నాయిస్ వల్ల 12 కనిపిస్తోంది అనుకోండి. రెంటి నిష్పత్తికి లాగ్ 3.0 రావాల్సిన చోట 2.1 వస్తుంది, సీబీవీ 30 శాతం తక్కువ తేలుతుంది. మ్యాపు మాత్రం నున్నగా, అందంగానే ఉంటుంది. సిగ్నల్ సగానికి పడేలా డోసు, టీఈ కుదుర్చుకోవాలి. సంపూర్ణ విలువ కావాలంటే సజిటల్ సైనస్ (మెదడు పైనుండే పెద్ద సిర) కొలమానంగా పనికిరాదు, ఆ డోసులో అది నల్లబడుతుంది. రక్తం తీసి బయట కొలవాల్సిందే.

మొదటిపాస్: ప్రశ్న పక్షవాతం గురించి కదండీ! ప్రవాహం తగ్గినప్పుడు చిన్న నాళాలు వెడల్పయి సీబీవీ మామూలుగానో ఎక్కువగానో కనిపించొచ్చు. రక్తం ఎంత ఆలస్యంగా వస్తోందో ఐరన్ చెప్పదు, బోలస్ చెబుతుంది. ఒకే స్లైసు, 300 మిల్లీసెకన్లకో ఈపీఐ (చాలా వేగంగా తీసే బొమ్మ) తీస్తే చుక్కలు సరిపోతాయి. పైగా ఇనుము రోజుల తరబడి కాలేయంలో, ప్లీహంలో ఉంటుంది, గాయం దగ్గర చెత్త మింగే కణాలైన మాక్రోఫేజ్‌ల్లోకీ చేరుతుంది. తరువాత ఇనుముకు నీలం రంగు పట్టించే ప్రష్యన్ బ్లూ వేస్తే ఏది రక్తస్రావమో, ఏది మీ మందో చెప్పలేరు.

తోకసిర: ప్రష్యన్ బ్లూ మాట ఒప్పుకుంటాను. కానీ రక్త-మెదడు అవరోధం చిరిగిన చోట గాడోలినియం బయటికి కారి, పడాల్సిన సిగ్నల్‌ని టీ1 ప్రభావంతో పెంచి సీబీవీని తగ్గించి చూపిస్తుంది. ఫెరుమాక్సిటాల్ రేణువు 30 నానోమీటర్లు, అంత తొందరగా కారదు.

టీఈ_తగ్గించు: ఏది వాడినా ఐసోఫ్లూరేన్ (మత్తుమందు) శాతం, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ రాయకుండా సీబీవీ అంకె ఇవ్వకండి. రెండూ నాళాల్ని వెడల్పు చేసేవే.