యోసేపు అన్నలను పరీక్షించింది పగతోనా? బైబిల్లో ఆదికాండము 37–50 అధ్యాయాలు నాలుగు వారాల్లో ఎట్లా చెప్పాల?

టీచరక్క, జమ్మలమడుగు:
శ్రమదినాల్లో (ఈస్టరుకు ముందు ఉపవాస దినాలు) నాలుగు శుక్రవారాలు, సాయంత్రం గంటసేపు బైబిల్ స్టడీ. పొలం గట్ల తగాదాతో మాటల్లేని దాయాదులు కూడా వచ్చి కూర్చుంటారు, ఊరికే "క్షమించండి" అంటే వినరు. అన్నలు దాసుడిగా అమ్మేసిన యోసేపు ఐగుప్తులో అధికారి అయినాక, ధాన్యానికొచ్చిన ఆ అన్నలనే వేగులవాళ్లని నిందించినాడు, మూడు దినాలు కావలిలో పెట్టినాడు, వాళ్లలో షిమ్యోనును ఆపుకున్నాడు, తమ్ముడు బెన్యామీను గోనెలో వెండి గిన్నె పెట్టించినాడు. ఇది క్షమ ఎట్లవుతుంది? 37 (అమ్మేయడం), 45 (యోసేపు తానెవరో చెప్పుకోవడం) అధ్యాయాలు రెండే చెప్తే సరిపోదా?

గండికోట:
సరిపోదక్కా. 37 నుంచి 45కు దూకితే అన్నలు మారిన సంగతే కనపడదు. 37లో ఏముంది? తండ్రి ముద్దుచేసే చిన్న కొడుకు, చేతికొచ్చే 20 తులాల వెండి, వాణ్ణి వదిలేసి ఇంటికి పోయే వీలు. 44లో యోసేపు సరిగ్గా అవే మళ్లీ అమర్చినాడు. 44:1 చూడండి, గిన్నెతో పాటు అందరి గోనెల్లో వెండి కూడా పెట్టించినాడు. 44:17లో "గిన్నె దొరికినవాడు ఒక్కడే దాసుడు, మిగతావాళ్లు మీ తండ్రి దగ్గరికి సమాధానంగా పొండి" అన్నాడు. బెన్యామీనును వదిలేసుంటే ధాన్యం, వెండి రెండూ దక్కేవి. ఒక్కరూ పోలేదు. బట్టలు చింపుకొని అందరూ పట్టణానికి తిరిగొచ్చినారు.

అదే తప్పు చేసే అవకాశం, చేసే శక్తి మళ్లీ వచ్చినా చేయకపోవడమే పూర్తి పశ్చాత్తాపమని 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్ చెప్పినాడు. 44వ అధ్యాయానికి ఇంతకన్నా మంచి వివరణ నాకు తెలీదు. పగే అయితే 42:24లో యోసేపు పక్కకుపోయి ఏడ్చేవాడు కాదు. మనసు అప్పటికే కరిగింది, నమ్మకమే ఇంకా కుదరలేదు. ఈ రెండిటినీ కలిపేసి చెప్తే నష్టపోయినవాళ్ల మీద భారం పడుతుంది.

నల్లరేగడి, కోయిలకుంట్ల:
38వ అధ్యాయం దాటేయద్దండి. యూదా కోడలు తామారు సంగతని చాలామంది సిగ్గుపడి వదిలేస్తారు. అన్నల్లో తమ్ముణ్ణి అమ్ముదామన్నది ఈ యూదానే (37:26-27). అదే మనిషి 38:26లో అందరి ముందర "నాకంటే ఆమె నీతిమంతురాలు" అని ఒప్పుకున్నాడు. ఇక్కడే వంగడం నేర్చుకున్నాడు. 42:37లో పెద్దన్న రూబేను తండ్రి యాకోబుతో "బెన్యామీనును తిరిగి తేకపోతే నా ఇద్దరు కొడుకులను చంపు" అంటాడు. మనవళ్లను చంపుకొని ఏ తాత ఊరడిల్లుతాడు? యాకోబు ఒప్పుకోలేదు. యూదా మాత్రం 43:9లో తానే పూచీ పడినాడు, 44:33లో తమ్ముడి బదులు తానే దాసుడైతానన్నాడు.

కడప పాఠకుడు:
ఖురాన్‌లో 12వ సూరా (అధ్యాయం) యూసుఫ్‌దే, అంటే మీ యోసేపుదే. అక్కడ అన్నలు ముందు తప్పు ఒప్పుకుంటారు (91వ వాక్యం), తర్వాతే యూసుఫ్ "ఈ రోజు మీమీద ఏ నిందా లేదు" అంటాడు (92). మీ స్టడీకి మా ఇళ్లవాళ్లు వస్తే ఈ వరుస గుర్తుచేయండక్కా, ఇట్టే అందుకుంటారు.

టీచరక్క, జమ్మలమడుగు:
అందరికీ వందనాలు. మరి వారాలు ఎట్లా పంచాల? 45తో ముగించొచ్చా?

గండికోట:
ముగించద్దు. మొదటి వారం 37, 38. రెండో వారం 42, 43. 39–41 పది నిమిషాల్లో చెప్పేయొచ్చు. మూడో వారమంతా 44 ఒక్కటే, యూదా మాటలు 18 నుంచి 34 దాకా గట్టిగా చదివించండి. నాలుగో వారం 45, 50.

కుటుంబమంతా ఐగుప్తుకు వచ్చినాక యాకోబు అక్కడ 17 ఏళ్లు బతికినాడు. అన్నేళ్లు యోసేపు పెట్టింది తిన్నా, తండ్రి పోగానే "ఇప్పుడు పగ తీర్చుకుంటాడేమో" అని అన్నలు వణికినారు (50:15). క్షమించమని మాటల్లో అడిగింది అప్పుడే, అదీ తండ్రి పేరు చెప్పి, మనిషిచేత కబురంపి. యోసేపు ఏడ్చినాడు. వాళ్లు చేసింది కీడేనని దాచకుండా చెప్పి, వాళ్లనూ పిల్లలనూ పోషిస్తానని మాటిచ్చినాడు (50:20-21). క్షమించినవాడికి ఒక్కరోజులో పని అయిపోవచ్చు, తప్పు చేసినవాడి భయం పోవడానికి ఏళ్లు పడుతుంది.

నల్లరేగడి, కోయిలకుంట్ల:
గట్ల తగాదా వాళ్లకు 32, 33 అధ్యాయాలు కూడా ఒక పావుగంట చెప్పండి. యాకోబు మేకలు, గొర్రెలు, ఒంటెలు, ఆవులు, గాడిదలు కలిపి 550, అవి కాక ఒంటె పిల్లలు, తాను మోసం చేసిన అన్న ఏశావుకు ముందుగా పంపినాడు. ఏడుసార్లు సాగిలపడినాడు. ఏశావు పరుగెత్తుకొచ్చి కౌగిలించుకున్నాడు. అయినా ఒక్కచోట కాపురం పెట్టలేదు: ఏశావు శేయీరుకు, యాకోబు సుక్కోతుకు పోయినారు. తండ్రి ఇస్సాకు చనిపోయినప్పుడు మాత్రం ఇద్దరూ కలిసే పాతిపెట్టినారు (35:29). రాజీ అంటే మళ్లీ ఉమ్మడి సేద్యం చేయాలేమోనని జంకేవాళ్లకు ఇది తప్పక చూపించండి.