ఎద్దు కాలికి ఉండేది గిట్టా, డెక్కా?

పల్నాటి_నాన్న:
మా అబ్బాయి ఆరో తరగతి. ఎద్దు మీద వ్యాసంలో "బురదలో డెక్కలు దిగబడ్డాయి" అని రాశాడు. టీచర్ ఎర్ర పెన్నుతో "డెక్కలు" కొట్టేసి "గిట్టలు" అని దిద్ది, మార్కు తగ్గించారు. డెక్క గుర్రానికే ఉంటుందట. మా ఇంట్లో ఎద్దుకైనా గేదెకైనా డెక్కే అంటాం. వాడు రాసింది నిజంగా తప్పా?

కరీంనగర్_శీనన్న:
టీచర్ చెప్పిందే రైటు అన్నా. చెరువులను, కాలువలను కమ్మేసే మొక్కను గుర్రపుడెక్క అంటారు కదా, గుర్రపుగిట్ట అని ఎవరన్నా అన్నరా? డెక్క అనంగనే గుర్రమే గుర్తొస్తది. ఎడ్లకు, బర్లకు, మేకలకు గిట్టలే.

పశువుల_ఆస్పత్రి:
శీనన్న గారూ, నేను రోజూ చూసేవి ఈ కాళ్లే కాబట్టి చెబుతున్నాను. గాలికుంటు జబ్బు అనుమానం ఉంటే ముందు నోరు చూస్తాం, తర్వాత గిట్టల మధ్య పుండ్లు ఉన్నాయా అని చూస్తాం. "మధ్య" అంటున్నామంటే ఒక్క కాలికే రెండు గిట్టలున్నట్టు. ఎద్దు కాలు చీలి ఉంటుంది, ఒక్కో చీలిక ఒక గిట్ట. నాకు అర్థమైనంతవరకు గిట్ట అంటే గోరులాంటి ఆ గట్టి ముక్క, డెక్క అంటే నేలకు ఆనే భాగం మొత్తం.

గుర్రం ఒక్కో కాలికి మధ్యవేలి మీదే నిలబడుతుంది. ఎద్దుకు రెండు వేళ్లు ఆనుతాయి. అందుకే గుర్రం కాలికి ఒక నాడా, ఎద్దు కాలికి రెండు కొడతారు. గుర్రానికి ఉన్నది ఒక్కటే ముక్క కాబట్టి గిట్ట అన్నా డెక్క అన్నా తేడా తెలియదు. గాలికుంటు చీలిన కాళ్ల పశువులకే వస్తుంది, గుర్రానికి రాదు. మా పనిలో ఈ తేడా చాలా ముఖ్యం.

కరీంనగర్_శీనన్న:
లెక్క బాగనే ఉంది సార్. కానీ "డెక్కల మధ్య పుండ్లు" అని కూడా పేపర్ల రాస్తరు. అప్పుడు డెక్క కూడా ముక్కే అయితది కదా?

పశువుల_ఆస్పత్రి:
అలా రాయడమూ ఉంది, కాదనను. మా దగ్గరకు వచ్చే రైతులు కూడా రెండూ వాడతారు. అందుకే డెక్క గుర్రానికే అనే నియమాన్ని నేను ఒప్పుకోను.

భాషంటే_ప్రాణం:
గిట్ట అనే మాట "గిట్టు" నుంచే వచ్చి ఉండాలి. నేలకు సరిగ్గా అమరేది కాబట్టి గిట్ట.

బళ్లారి_తెలుగమ్మాయి:
అలా తేల్చేయకండి దయచేసి. గిట్టడం అంటే సరిపడటం, గిట్టుబాటు కావడం, చనిపోవడం కూడా. వాటిలో మనకు నచ్చిన అర్థం పట్టుకుని కాలికి తగిలిస్తే అది ఆధారం కాదు, ఊహే. ఆధారం కావాలంటే చుట్టుపక్కల భాషలు చూడాలి. తెలుగులో గిట్టకు గొరిజ అనే పాత మాట ఉంది. కన్నడంలో ఇప్పటికీ గొరసు అంటారు, మా ఊళ్లో రోజూ వినిపించే మాటే. రెండూ చుట్టాలని వింటేనే తెలుస్తుంది. తమిళంలో వేరే, కుళంబు. సంస్కృతంలో ఖురం. ఇన్ని మాటలున్న చోట ఒక్కటే ఒప్పు అనడం నాకు బాధగా ఉంది. గొరిజ దాదాపు పోయింది. పిల్లలు డెక్క అని రాస్తే కొట్టేస్తూ పోతే అదీ పోతుంది.

భాషంటే_ప్రాణం:
మరి పంజా? పులికి మనం పంజా అంటాం, అది ఫారసీ మాట. పంజ్ అంటే ఐదు, పంజాబ్‌లో ఉన్నదీ అదే. అయినా పులి అడుగుజాడలో నాలుగు వేళ్లే పడతాయి.

బళ్లారి_తెలుగమ్మాయి:
ముందు కాలికి ఐదో వేలు ఉందండీ. కాస్త పైన ఉంటుంది కాబట్టి నేల మీద గుర్తు పడదు. పేరులో తప్పేమీ లేదు.

పల్నాటి_నాన్న:
పులి సంగతి తర్వాత. శీనన్నా, మీరింకా టీచర్ వైపేనా?

కరీంనగర్_శీనన్న:
మార్కు తీసెయ్యడం తప్పే, అది ఒప్పుకుంట. కానీ నేనైతే ఎద్దుకు డెక్క అనను. మా దిక్కు మేక కాళ్లు వండేటప్పుడు కూడా మంట మీద కాల్చి గిట్టలు ఊడదీస్తం. డెక్కలు ఊడదీస్తం అని ఎవ్వరూ అనరు.

పశువుల_ఆస్పత్రి:
శీనన్న గారూ, మీరు ఊడదీసేది ఆ గోటి ముక్కనే కదా? ఒక్కో కాలికి రెండు ఊడతాయి. నేను గిట్ట అన్నది దాన్నే.